వెంట్రుకలు గొరిగే కత్తి

మా ఆయన ఎడమ చేతి మీద, మోచేతి నుంచి మణికట్టు దాకా, ఒక్క వెంట్రుక ఉండేది కాదు. జబ్బేం కాదు. కత్తి పదును చూసుకునేటందుకు రోజూ తనే గొరుక్కునేటోడు. కుడి చెయ్యి మాత్రం ఎప్పటిలెక్కనే గుబురుగా ఉండేది. పెళ్ళిళ్ళకు పోయినప్పుడు చుట్టాలు ఆ చెయ్యి పట్టుకొని ఏమైందని అడిగేటోళ్ళు. మంచి దవాఖానాలో చూపించమని నా చెవిలో చెప్పేటోళ్ళు. నాకు సిగ్గయ్యేది. ఆయనకు కాకపోయేది. పదును అట్లున్నది మరి అని చెప్పుకునేటోడు, ఏదో మెడల్ వచ్చినట్టు.

ఆ పదునుతో అప్పటిదాకా కోసింది ఏంది అంటే, ఆ వెంట్రుకలే.

మేమిద్దరం ఉద్యోగాలు చేసి రిటైరైనోళ్ళం. ఆయన ఇంజనీరు. నేను కాలేజీలో బోటనీ చెప్పిన. ఖమ్మంలో ఇల్లు కిరాయికిచ్చి, చండ్రుగొండ అవతల మా మామగారు కొన్న తోటలో కాపురం పెట్టినం. కొంచెం మామిడి, కొంచెం పామాయిల్. కంచె దాటితే వాగు, వాగు దాటితే అడవి. మా మామగారు కోస్తా నుంచి వచ్చి ఆ భూమి కొని, బతికినన్నాళ్ళు అందులోనే చెమటోడ్చిన మనిషి. కొడుకు మాత్రం సెలవులకు కారులో వచ్చి, చెట్టు కింద కుర్చీ వేయించుకొని, ఎవరో కొట్టిచ్చిన బోండం తాగి పోయినోడు. అసుంటి మనిషికి అరవై దాటినంక, కంచె అవతల అడవి ఉన్నదని గుర్తొచ్చింది. గుర్తు చేసింది ఫోను. ఎక్కడో మంచు దేశంలో గడ్డపోడొకడు కత్తి ఒక్కటే పట్టుకొని అడవిలోకి పోయి, గుడిసె కట్టుకొని, నిప్పు పుట్టించుకొని, చేప కాల్చుకొని తినే వీడియోలు పొద్దుగూకులు చూసేటోడు. మాకు మంచు లేదు. గుడిసె అక్కరలేదు. గ్యాసు బుక్ చేస్తే సిలిండరు గేటు దాకా వస్తది. అయినా ఆయనకు ఆ కత్తి కావాల్సొచ్చింది.

దీనికి ఒక గురువు కూడా ఉండె. మా ఆయనతో కలిసి పనిచేసిన స్నేహితుడు. ఖమ్మంలో మూడో అంతస్తు ఫ్లాటులో ఉంటడు. బాల్కనీలో పెట్టుకున్న తులసి మొక్కను గూడ ఎండబెట్టినోడు, అడవిలో ఎట్ల బతకాలో చెప్పేటందుకు ఫోన్లో ఒక గ్రూపు నడుపుతడు. మడతపెట్టే కత్తి పనికిరాదని, కోసే అలుగు, పిడి లోపలికి పోయే ఇనుము ఒకటే ముక్కగా ఉన్న కత్తే కొనాలని ఈయనకు చెప్పింది అతనే. ఏ దేశపు స్టీలు మంచిదో కూడా అతనే తేల్చిండు. ఇద్దరూ ఫోన్లో ఆ స్టీలు గురించి మాట్లాడుకుంటుంటే, ఎవరింట్లోనన్నా పిల్ల సంబంధం కుదిరిందేమో అనుకునేదాన్ని.

కత్తి వచ్చింది. ఆకుపచ్చ పిడి, జానెడు అలుగు, తోలు ఒర. అందంగానే ఉన్నది, అబద్ధం ఎందుకు. ఆయన దాన్ని పసిపిల్లను ఎత్తినట్టు రెండు చేతులతో ఎత్తి చూపించిండు. ఆ రోజు సంత నుంచి తెచ్చిన గుమ్మడికాయ వంటింట్లో ఉండె. మా కత్తిపీట దానికి దిగుతలేదు. జర ఈ కాయ రెండు చెక్కలు చేసియ్యండి అన్న. ఆయన మొహం మాడిపోయింది.

"ఇది వంటింటి కత్తి కాదు. ఫీల్డు కత్తి."

"ఫీల్డులో ఏం కోస్తరు?"

"అవసరం వచ్చినప్పుడు నీకే తెలుస్తది" అన్నడు.

అవసరం జల్దీ రాలే. గుమ్మడికాయను నేను గడప మీద పగలగొట్టుకున్న.

అప్పటి నుంచి వరండాలో రోజూ నూరుడు మొదలైంది. ముందు గరుకు రాయి, తర్వాత నున్న రాయి, ఆ తర్వాత అద్దం లెక్క ఇంకా నున్నది. రాళ్ళు నానేసేటందుకు నా ఇడ్లీ పిండి గిన్నె. వరండా స్తంభానికి మేకులు కొట్టి ఒక తోలు పట్టీ బిగించిండు, దానికి ఏదో పచ్చటి మందు పూసిండు. ముందు కత్తి అంచుకు మార్కర్ పెన్నుతో రంగు పూస్తడు. తర్వాత నూరుతడు. రంగు ఎక్కడ పోయిందో, ఎక్కడ మిగిలిందో భూతద్దంలో చూస్తడు. ఆ భూతద్దం నాది. ఆకుల మీద నూగు చూపించేటందుకు, కొన్నేండ్లు పిల్లల చేతుల్లో పెట్టిన భూతద్దం. దాంతో కత్తి అంచు చూసి, ఒక దిక్కు జర ఎక్కువ అరిగిందని నిట్టూర్చి, మళ్ళా మొదటి రాయి దగ్గరికి పోతడు. ఆఖర్న తోలు పట్టీ మీద సర్ సర్ మని గీకి, ఎడమ చెయ్యి ముందుకు చాపుతడు. అక్కడ వెంట్రుకలు అయిపోయినంక పేపరు మీద పడ్డడు. నేను చదవకముందే పొద్దుటి పేపరు సన్న పీలికలైపోయి ఉండేది.

నా బాధ పేపరు గురించి కాదు. వాడితే మొద్దుబారుతది, మొద్దుబారితే నూరుకోవాలె. అది లోకంలో అందరికీ తెలిసిన సంగతి. ఈ కత్తి ఏ పని చెయ్యకుండనే రోజూ నూరుడు పడ్డది. దేనికీ వాడకుండనే అరుగుతున్నది. మా ఆయన ఉద్యోగంలో ఉన్నప్పుడు చేసిన మీటింగులు యాదికొచ్చేయి నాకు.

ఆదివారం వస్తే గురువు కారేసుకొని దిగుతడు. ప్యాంటు నిండా జేబులు. ఆ జేబుల్లో ఏముంటయో దేవునికే ఎరుక. వంటింట్లో స్టవ్వు ఉండగా వాకిట్లో ఇనుప పుల్ల గీకి నిప్పురవ్వలు పుట్టించి చాయ్ కాచుకుంటమంటరు. నిప్పు అంటుకోక, అర్ధగంట ఊది ఊది కండ్లెర్రబడ్డంక, నన్ను అగ్గిపెట్టె అడుగుతరు. పాలు నేనే పంపాలె, చక్కెర నేనే పంపాలె, గ్లాసులు నేనే కడగాలె. దీన్ని వాళ్ళు అడవి బతుకు అంటరు.

ఒక వారమంతా మా ఆయన ఒక టేకు పుల్లను చెక్కిండు. కత్తి చేసిన మొదటి పని అదే. వరండా నిండా చెక్క పొట్టు. నేను ఊడ్చుకుంటూ ఇదేందని అడిగితే, పుల్లకు ఒక గాటు, దాన్ని పట్టుకునేటందుకు ఇంకో పుల్ల, రెండూ ఒకదాంట్లో ఒకటి ఇరికిస్తే కొక్కెం లెక్క నిలబడుతది, ఏ కొంచెం కదిలినా ఊడిపోతది అని సంబరంగా చూపించిండు. దేనికి పనికొస్తదంటే, ఊరికే, నేర్చుకునుడు కోసం అన్నడు. ఆ ఆదివారం గురువుతో కలిసి వాగు దాటి పోయి, మధ్యాహ్నానికి చెమటలు కక్కుకుంటూ తిరిగొచ్చిండు. ఇద్దరూ ఫోన్లో ఫోటోలు చూసుకొని మురిసిపోయిన్రు. నాకు చూపించలే. నేను అడగలే.

ఆ తర్వాత కొన్ని రోజులకు, ఎండాకాలం మొదట్లో, పొద్దున్నే డ్రిప్పు పైపులు చూద్దామని ఇద్దరం తోట చివరికి పోయినం. ఆయన నడుముకు కత్తి ఉన్నది. అది లేకుండా గేటు దాకా కూడా పోయేటోడు కాదు అప్పట్లో. కంచె దగ్గరికి పోయేసరికి వాగు అవతల కుక్క ఏడుపు వినబడ్డది. మొరుగుడు కాదు. గొంతు పోయినంక వచ్చే సన్నటి మూలుగు. నేను కంచె దాటిన. ఆయన వద్దన్నడు. ఎలుగుబంటి ఉండొచ్చు, ఏదన్నా ఉండొచ్చు, ఫారెస్టోళ్ళకు ఫోన్ చేద్దామన్నడు. ఫీల్డు కత్తి నడుముకు పెట్టుకున్న మనిషి. నేను వాగు ఇసుకలో దిగి నడుస్తుంటే తప్పనిసరై వెనక వచ్చిండు.

పొదల నడుమ గూడెం అక్క కుక్క ఉన్నది. గూడెం అక్క అంటే, వాగు అవతలి కోయ గూడెంలో ఉండే పెద్దామె. మామిడి కాయలు కోసేటప్పుడు మా తోటకు పనికొస్తది. ఆమె ఎక్కడికి పోతే ఆ పసుపుపచ్చ కుక్క అక్కడ ఉంటది. కుక్క నడుముకు స్కూటర్ క్లచ్ వైరు ఉచ్చు బిగుసుకొని ఉన్నది. వైరు రెండో కొస ఒక తునికి మొక్కకు కట్టి ఉన్నది. విడిపించుకుందామని కుక్క ఆ మొక్క చుట్టూ తిరిగి తిరిగి వైరంతా చుట్టేసుకుంది. ఇప్పుడు దాని ఒళ్ళు మొక్కకు అతుక్కొని ఉన్నది, కదిలేటందుకు సందు లేదు. వైరు చర్మంలోకి దిగింది. దగ్గరికి పోతే పళ్ళు చూపిస్తున్నది.

కత్తితో వైరు తెగదు. అది నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. తెగేది మొక్క. వైరు చుట్టలకు జర పైన మొక్కను నరికితే, చుట్టలను పైకి జరిపి తీసెయ్యొచ్చు. మొక్క నా మణికట్టు లావున్నది. నేను కత్తి అడిగిన. ఆయన ఒర మీద చెయ్యి పెట్టుకున్నడు గాని తియ్యలే.

"తునికి చాన గట్టి కట్టె. అంచు పెచ్చు ఊడుతది" అన్నడు.

పెళ్ళై ఇన్నేండ్లల్లో ఆయన మీద నాకు కోపం రావటం కొత్త కాదు. కాని ఆ పొద్దు వచ్చింది కోపం కాదు. కాలు కింద ఏదో మెత్తగా తగిలితే కాలు వెనక్కి తీసుకుంటం చూడు, అసుంటిది. నేను చెయ్యి చాపి ఆ నడుము నుంచి కత్తి నేనే గుంజుకున్న. జేబుల కోటు విప్పమన్న. కొత్తది, గురువు చెప్పి కొనిపించింది. విప్పిండు. దాన్ని కుక్క తల మీద కప్పి, మెడ దగ్గర నొక్కి పట్టుకొమ్మన్న. పట్టుకున్నడు, మొహం అవతలికి తిప్పుకొని.

కత్తిని మొక్కకు అడ్డంగా ఆనించి వాగు రాయి ఒకటి తీసుకొని వెనక నుంచి కొట్టిన. మొక్క ఊగింది, కుక్క మూలిగింది. మళ్ళా కొట్టిన. ఆయన నోరు ఊరుకోలే. రాయితో కాదు, కట్టెతో కొట్టాలె, కత్తి వీపు పాడైతదని చెప్పిండు. వీడియోల్లో చూసిండంట. నేను రాయితోనే కొట్టిన. కట్టె వెతికేటందుకు ఆ కుక్కకు టైము లేదు. మొక్క తెగే ముందు దెబ్బ జారి కత్తి వైరుకు తగిలింది. టిక్ మని సప్పుడైంది. ఆయన గొంతులో నుంచి కూడా ఒక సప్పుడు వచ్చింది. కుక్క ఏడ్చినప్పుడు రాని సప్పుడు.

మొక్క తల వాలింది. చుట్టలు ఒక్కొక్కటే పైకి జరిపి తీసిన. వైరు వదులైంది. నడుము దగ్గర ఉచ్చును వేళ్ళతో వెనక్కి తోసి వెడల్పు చేస్తుంటే, దానికి ఒక పుల్ల వేలాడుతూ కనబడ్డది. టేకు పుల్ల. దానికో గాటు. ఆ గాటు పొట్టు నేను నా చేతులతో ఊడ్చిన.

ఆయన దిక్కు చూసిన. ఆయన కుక్క మీద కప్పిన కోటునే చూస్తున్నడు.

ఏ పంది కోసమో పెట్టిన్రంటే అదొక తీరు. ఫోటో కోసం పెట్టిన్రు. ఉచ్చు ఎట్ల పెట్టాలో వచ్చిందని గ్రూపులో చూపించేటందుకు పెట్టి, ఫోటో దిగి, చాయ్‌కి టైమైందని వచ్చేసిన్రు. ఏమన్నా పడ్డదా, తీసేద్దామా అని మళ్ళొకసారి పోయి చూసింది లేదు. మర్చిపోయిన్రు. అంతే. ఆయనలో దుర్మార్గం ఉన్నదని నేను అనను. దుర్మార్గానికి కూడా మనిషి జర ఒళ్ళు వంచాలె.

కోటు తీసేసరికి కుక్క వెనక కాలు ఈడ్చుకుంటూ రెండడుగులు వేసి పడ్డది. అప్పటికే దాన్ని వెతుక్కుంటూ గూడెం అక్క పొదల్లో నుంచి వచ్చింది. కుక్కను చూసి వాళ్ళ భాషలో ఏదో మెల్లగా అనుకుంటూ కూర్చొని, దాని నడుము తడిమింది. వైరు చూసింది. తెగిన మొక్కను చూసింది. మా ఆయన గొంతు సవరించుకొని, ఎవరో దొంగతనంగా ఉచ్చు పెట్టిన్రు అక్కా, మేము చూసి విడిపించినం అన్నడు. నన్ను కూడా అందులో కలుపుకున్నడు.

"పెట్టింది ఈయనే" అన్న నేను. టేకు పుల్ల ఆమె చేతిలో పెట్టిన. "ఈయన, ఈయన దోస్తు."

ఆమె పుల్లను అటూ ఇటూ తిప్పింది. పారెయ్యలే, తిట్టలే. మా ఆయన మొహంలోకి చూసింది. నిజంగా తెలుసుకుందామని అడిగినట్టు అడిగింది:

"ఇంట్ల తిననీకి లేదా సారూ?"

లేదంటే అబద్ధం, ఉన్నదంటే ఇంకా అన్యాయం. ఆమె ఇంకేం అడగలే. కుక్కను భుజానికెత్తుకొని గూడెం దిక్కు నడిచింది. పశువుల డాక్టరుకు ఫోన్ చేసి, బండి పిలిపించి, కుట్లు వేయించింది నేను. ఆయన ఇంటికొచ్చి స్నానం చేసిండు.

మధ్యాహ్నం భోజనం అయినంక చూస్తే వరండాలో కూర్చొని భూతద్దం పెట్టి కత్తి అంచు చూస్తున్నడు. అంచులో బియ్యపు గింజంత పెచ్చు ఊడింది. దాన్ని మూడు రాళ్ళ మీద నూరినా పోదంట, చాన లోపలికి అరగదియ్యాలంట. గురువుకు ఫోన్ చేసిండు. స్పీకరు పెట్టుకున్నడు కాబట్టి అంతా నాకు వినబడ్డది. కత్తికి ఇట్లైందని చెప్పిండు. ఎట్లయిందంటే ఇంట్లో వాళ్ళు రాయితో కొట్టిన్రు అన్నడు. గురువు అయ్యయ్యో అన్నడు. ఆడవాళ్ళ చేతికి ఇయ్యొద్దని ముందే చెప్పిన గదా అన్నడు. కుక్క సంగతి ఆ ఫోన్లో ఒక్క ముక్క రాలే. నేను పోయి ఫోన్ తీసుకొని, ఆదివారం వస్తే చాయ్ ఉండదని, వాగు దాటితే ఫారెస్టోళ్ళకు నేనే చెప్తనని చెప్పి పెట్టేసిన. మళ్ళా రాలేదతను. గ్రూపులో మాత్రం ఇప్పటికీ పొద్దున్నే సలహాలు పంపుతడంట.

పెచ్చు ఊడిన కత్తిని మా ఆయన ఒరలో పెట్టి అల్మారాలో పడేసిండు. ఇంక దాన్ని చూడబుద్ధి కాదన్నడు. కొన్నాళ్ళకు నేను తీసిన. మా తోటలో రోజూ కత్తితో పని ఉంటది. అరటి గెలకు ఊతం పెట్టేటందుకు వెదురు కోసుకోవాలె, పామాయిల్ మొదలు చుట్టూ పాకే తీగలు తెంపాలె, ఎరువు సంచుల మూతి కుట్లు తెంచాలె, పైపు ముక్కలు చెయ్యాలె. వీటన్నిటికీ కొడవలో, కత్తిపీటో, ఏది దొరికితే అది వాడుతున్న అప్పటిదాకా. ఈ కత్తి చేతిలో పడ్డంక ఇన్నాళ్ళు ఎంత మంచి వస్తువును అల్మారా బొమ్మను చేసి కూర్చోబెట్టిండో అర్థమైంది. పిడి అరచేతిలో తిరగదు. అలుగు ఊగదు. ఎంత బలంగా నొక్కినా నొక్కిన చోటనే ఉంటది.

మొద్దుబారితే నూరుడు నేనే నేర్చుకున్న. ఆయన రాళ్ళు నేను ముట్టలే. మా ఇంట్లో పాత ఊరగాయ జాడీ ఉన్నది. దాన్ని బోర్లిస్తే అడుగున గుండ్రటి అంచుకు మెరుపు పూత ఉండదు, గరుకుగా ఉంటది. మా అమ్మ కత్తులు దాని మీదనే నూరేది. నీళ్ళు చల్లి, కత్తిని ఏటవాలుగా ఆనించి, అలుగు మొదటి నుంచి మొన దాకా ఒకే తీరుగా లాగాలె. ఒక దిక్కు నూరితే రెండో దిక్కున అంచు సన్నగా మడత పడుతది. కంటికి కనబడదు, బొటనవేలు అడ్డంగా రాస్తే తగులుతది. అది తగిలితే ఈ దిక్కు పనైనట్టు, తిప్పి రెండో దిక్కు నూరాలె. ఆఖర్న ఆ మడత పోయేదాకా మెల్లగా, బరువు వెయ్యకుండా, అటొకసారి ఇటొకసారి. మొదట్లో నేను తొందరపడి ఏటవాలు పోగొట్టుకునేదాన్ని, అంచు గుండ్రంగా అయ్యేది. చెయ్యి కుదురుకునేటందుకు ఆ వానాకాలం పట్టింది.

వెంట్రుకలు గొరగదు నా పదును. నాకు అక్కరలేదు. గొరిగేటంత నున్నటి అంచు టమాట తొక్క మీద బాగుంటదేమో గాని, తడిసిన నారతాడు మీద జారుతది. జర గరుకున్న అంచు నారను పట్టుకుంటది. ఆ సంగతి చెప్తే మా ఆయన కుర్చీలో నుంచి లేవకుండనే, నీ కోణం తప్పు, అంచు పాడైతది అంటడు. పెచ్చు ఊడిన చోటు నూరగా నూరగా చాలామటుకు పోయింది. ఆనవాలు కొంచెం మిగిలింది. ఆయనకు అది కనబడితే ఇప్పటికీ పెదవి విరుస్తడు.

కుక్క బతికింది. నడుము చుట్టూ వెంట్రుకలు మొలవని సన్నటి గీత ఉన్నది. ఆయన ఆ తర్వాత ఒకసారి బిస్కెట్ ప్యాకెట్ పట్టుకొని గూడెం దాకా పోయొస్తనని బయలుదేరి, వాగు దగ్గర నుంచే తిరిగొచ్చిండు. ఎండ ఎక్కువున్నదన్నడు. తప్పైంది అన్న ఒక్క మాట ఆ పెద్దామెతో ఇప్పటిదాకా అనలే. ఆమె కాయల కాలంలో పనికి వచ్చింది. నాతో మామూలుగానే మాట్లాడింది. ఆయన ఎదురుపడితే చెట్టు అడ్డమొస్తే పక్కకు జరిగినట్టు జరిగి పోయింది.

ఇప్పుడు ఆయనకు కొత్త పిచ్చి పట్టింది. బైనాక్యులర్ తెప్పించుకొని వరండాలో కూర్చొని పిట్టలను చూస్తడు. పిట్టల పేర్లు ఇంగ్లీషులో చదివి నాకు వినిపిస్తడు. నేను వింటున్నట్టు తలూపుత. మొన్న పనస పండు కోస్తుంటే కత్తి నిండా జిగురు పట్టింది. నూనె గుడ్డతో తుడుచుకుంటుంటే, బైనాక్యులర్ కండ్లకు అట్లనే పెట్టుకొని, నేను కూడా ఒక తొన తింటనన్నడు. జిగురు చేతులతోనే ఒలిచి ఇచ్చిన.